తెల్వదంటే సరిపోతదా సేటూ?

మా జగిత్యాల దిక్కు విత్తనాల దుకాణం పెట్టిన మనిషి "ఈ సంచిలో ఏముందో నాకు తెల్వదు, కంపెనీ పంపింది, నేను అమ్మిన" అంటే ఎవరన్నా ఊరుకుంటారా? మొలక రాకపోతే రైతులు దుకాణం ముందు కూర్చుంటారు, అధికారులు వస్తారు, తెల్లారి పేపర్లో పడుతుంది. సిరిసిల్లలో బట్టల వ్యాపారి పాలిస్టర్ గుడ్డను కాటన్ అని అంటగట్టబోతే, అక్కడి ఆడవాళ్ళు రెండు వేళ్ళ మధ్య రాసి చూసి మొహం మీదే చెప్పేస్తారు. బంగారం దుకాణంలో హాల్‌మార్క్ చూడనిదే మనం చేయి చాపం. ఆఖరికి మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క రంగు వీసమెత్తు తేడా వచ్చినా మూడుసార్లు తిప్పి పంపుతాం.

మరి పిల్లల ఆటసామాన్ల దుకాణం దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుంది మనకు? అక్కడ మాత్రం అమ్మేవాడికి తాను అమ్మేదేమిటో తెలియకపోయినా పర్వాలేదు. కొనేది పిల్లలే కదా! పోయేది పది రూపాయలో, వంద రూపాయలో కదా! ఈ "కదా" మీదే నా గొడవంతా.

నేను చెప్పేది పోకెమాన్ కార్డుల గురించి. మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య పిల్లవాడుంటే ఇప్పటికే వాడి కంపాస్ బాక్సులో అవి దొరికి ఉంటాయి. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో ఏ బడి దగ్గరి స్టేషనరీ షాపు చూసినా, ఏ ఫ్యాన్సీ స్టోర్ చూసినా దండల్లాగా వేలాడుతున్నాయి. బంగారు రంగువి, వెండి రంగువి, నల్లవి. ఇంటర్వెల్‌లో పిల్లలు మెట్ల మీద కూర్చుని మార్చుకుంటారు. "నీ పికాచు ఇస్తే నా రెండు ఇస్త" అని బేరాలు. మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌లో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ పహిల్వాన్ల కార్డులు అన్నదమ్ములు ఎట్లా దాచుకునేవాళ్ళో గుర్తుందా? అదే పిచ్చి, ఇంకో రూపంలో.

మా పెద్దవాడు ఆరో తరగతి. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కితే వచ్చిన పైసలు దాచుకున్నాడు. మా తమ్ముడు దుబాయిలో ఉంటాడు. మొన్న వచ్చినప్పుడు వాడికి ఒక కార్డుల ప్యాకెట్టు తెచ్చాడు. అందులో చారిజార్డ్ అని, రెక్కలున్న నారింజ రంగు జంతువు కార్డొకటి ఉంది. వాడికి ప్రాణం. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

ఒకరోజు వాడు దాన్ని తీసుకుని ఆటసామాన్ల దుకాణానికి పోయాడు, పేకాట పెట్టెలాగా ఆడుకోవడానికి తయారుగా ఉండే కట్ట ఒకటి ఉంటుందట, అది ఉందా అని అడగడానికి. దుకాణాయన ఆ మాటే వినలేదట. వీడి చేతిలో కార్డు చూసి, "గిది మెరుస్తలేదు, పాతదైంది. గిదిచ్చి గోల్డుది తీస్కపో" అని ఒక బంగారు రంగు ప్లాస్టిక్ ముక్క చేతిలో పెట్టి, అసలుదాన్ని తీసుకుని కౌంటర్ మీది డబ్బాలో పడేశాడు. అమ్ముడుపోని కార్డుల డబ్బా అది, "ఏదైనా పది రూపాయలు". పెద్దమనిషి, దుకాణం యజమాని, ఆయనే చెప్తున్నాడు కదా అని వీడు నమ్మాడు. బడిలో స్నేహితులు నవ్వితే గానీ వాడికి తెలియలేదు, చేతిలో ఉన్నది నకిలీదని.

మరునాడు నేను పోయాను. కోపంగా కూడా పోలేదు. "అన్నా, పిల్లవాడికి తెలియక ఇచ్చాడు, మీకు తెలియక తీసుకున్నారు, తిరిగి ఇవ్వండి" అన్నాను. "ఎవడో పోరడు పది రూపాయలకు కొనుక్కపోయిండక్కా" అన్నాడు. సరే, పోయింది పోయింది. నాకు మండింది ఆ తర్వాతి మాటకు. "గవన్నీ ఏందో నాకు తెల్వదక్కా. పేకముక్కలసొంటియే గదా. నేను గోల్డుదే ఇచ్చిన గద, ఇంక మోసమెట్లయితది?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు తెలియదు. ఆయన మోసగాడు కాదు, నేనూ అట్లా అనను. కానీ తెలియదు అన్న మాట ఆయన తప్పును కడిగేస్తుందని మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే తెలియనివాడు బేరం పెట్టకూడదు. "నాకు తెల్వదు బాబూ, ఇంట్ల అడిగి రా" అంటే పోయేదేముంది? తెలియనప్పుడు ఊరుకోవడం ఒకటి, తెలియకుండానే పిల్లవాడికి "ఇదే మంచిది" అని ధీమాగా చెప్పడం ఇంకొకటి. రెండోదాన్ని అజ్ఞానం అనరు, నిర్లక్ష్యం అంటారు.

చట్టం చూసినా ఆ మార్పిడి నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదంటుంది. 1903లో మొహిరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని తేల్చింది. ఒక కార్డు కోసం కోర్టుకు పొమ్మని నేను చెప్పడం లేదు. "వాడే ఇచ్చిండు, నేను తీసుకున్న" అనేది జవాబు కాదని మాత్రం చెప్తున్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు "ఇచ్చాడు" అనే మాటకు పెద్దవాళ్ళ బేరంలో ఉండే బరువు లేదు. అందుకే ఎదురుగా ఉన్న పెద్దవాడి మీద బరువు ఎక్కువ.

ఇక ఈ కార్డులు పేకముక్కలసొంటివేనా? కాదు. తెలుసుకోవడం పెద్ద కష్టమూ కాదు. వంటింట్లో పప్పు ఉడికేలోపు నేను తెలుసుకున్నది మీకూ చెప్తాను, మీ పిల్లలతో మాట్లాడటానికి పనికొస్తుంది.

ఇట్లా కార్డులు సేకరించి, మార్చుకుని, వాటితోనే ఆడే ఆటకు దారి వేసింది 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితం చదివిన ఆయన తయారుచేసిన మ్యాజిక్ ద గ్యాదరింగ్. జపాన్‌లో పోకెమాన్ కార్డులు 1996లో వచ్చాయి, ఇంగ్లీషులో 1999లో. ఆటలో ఒక్కొక్కరి దగ్గర సరిగ్గా 60 కార్డులుండాలి. ఒకే పేరున్న కార్డు 4కు మించి పెట్టుకోకూడదు, మామూలు ఎనర్జీ కార్డులు తప్ప. మొదట 7 కార్డులు చేతిలోకి తీసుకుంటారు, 6 కార్డులు బహుమతులుగా పక్కన పెడతారు. ఎదుటివాడి జంతువును ఓడించినప్పుడల్లా తన బహుమతి కార్డు తీసుకుంటాడు. ఆ 6 ముందు ఎవరు అయిపోగొడితే వాళ్ళు గెలిచినట్టు. వంతుకు ఒక్క ఎనర్జీ కార్డే తగిలించాలి. నిప్పు రకం జంతువుకు నీళ్ళ రకం ఎదురైతే చాలాసార్లు దెబ్బ రెట్టింపు పడుతుంది.

ఇందులో ఏముంది చెప్పండి? కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, ఇంగ్లీషు చదవడం, ఓపికగా వంతు కోసం ఆగడం, ఓడిపోతే ఏడవకుండా కార్డులు సర్దుకోవడం. మా వాడు ఇంగ్లీషు పాఠం చదవమంటే వంద వంకలు పెడతాడు, కార్డు కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది మాత్రం కూడబలుక్కుని చదివి నాకు అర్థం చెప్తాడు.

కార్డుల మీద బొమ్మలేసుకుని ఆడుకోవడం మనకు కొత్త కూడా కాదు. గోదావరి అవతల మన నిర్మల్‌లో గుండ్రటి గంజిఫా కార్డులు చేత్తో రంగులద్ది తయారుచేసేవాళ్ళు. దశావతార గంజిఫా అంటే పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 కార్డులు. మత్స్యావతారం కార్డు పట్టుకుని ఆడిన దేశంలో, పిల్లవాడి చేతిలో ఇంకో బొమ్మ కార్డు చూసి "జూదం నేర్చుకుంటున్నాడు" అని గుండెలు బాదుకోవలసిన పని లేదు.

మరి ఆ దండల్లో వేలాడేవేమిటి? చాలామటుకు నకిలీవి. నకిలీని పట్టడానికి నిపుణులు అక్కరలేదు. మామూలు పోకెమాన్ కార్డు గట్టి కాగితం మీద అచ్చువేసింది. కట్టకట్ట అన్నీ బంగారు ప్లాస్టిక్ రేకులే ఉంటే అక్కడే ఆగిపోవాలి. ఇంగ్లీషు కార్డు వెనక నీలం రంగు, మధ్యలో ఎరుపూ తెలుపూ బంతి ఉంటుంది. వెనక కూడా బంగారమే మెరిస్తే అనుమానించాలి. జంతువు బలం హెచ్‌పీ అని పైన రాసి ఉంటుంది. అసలు కార్డుల్లో అది పదుల్లోనో వందల్లోనో ఉంటుంది, వేలల్లో ఉంటే నకిలీ. అక్షరదోషాలు చూడండి. మా వాడికి అంటగట్టిన గోల్డు కార్డు మీద జంతువు పేరే తప్పు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ఇంగ్లీషు స్పెల్లింగు నేనే పట్టాను!

ఇంకో సులువైన గుర్తు ప్యాకెట్టు మీదే ఉంటుంది. 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం ముందే ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎన్ని ఉన్నాయో, ఎమ్మార్పీ ఎంతో, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో ఉండాలి. నేను మూడు ఊళ్ళలో ఐదారు దుకాణాల్లో ఆ బంగారు ప్యాకెట్లు తిప్పి చూశాను. చిరునామా అన్నది ఒక్కదాని మీదా కనిపించలేదు. పప్పు ప్యాకెట్టు మీద లేకపోతే అడిగే మనం, దీని మీద ఎందుకు అడగం?

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ మాటలకు వద్దాం. ఇవన్నీ మా వాడకట్టులో నేను విన్నవే.

"చిన్న దుకాణం పెట్టుకున్నోడు, వెయ్యి రకాలు అమ్ముతడు, అన్నీ యాడ తెలుసుకుంటడు వదినా?" అంది మా పక్కింటామె. జాలి మంచిదే. కానీ అదే బజార్లో సెల్‌ఫోన్ల దుకాణం పిల్లగాడిని చూడండి. పదో తరగతి చదివినవాడు ఏ ఫోన్‌కు ఏ గ్లాసు పడుతుందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఎందుకు నేర్చుకున్నాడు? ఫోన్లు కొనేవాళ్ళు పెద్దవాళ్ళు, తప్పు చెప్తే గల్లా పట్టుకుంటారు. ఆటసామాన్ల దుకాణాయన నేర్చుకోనిది తెలివి లేక కాదు, గల్లా పట్టుకునేవాళ్ళు లేక. పైగా ఆయనకు గురువులు రోజూ ఇంటర్వెల్‌లో నడిచి వస్తున్నారు. "బిడ్డా, గిది ఎట్ల ఆడుతరో చెప్పు" అని ఒక్కసారి అడిగితే పిల్లలు మూడు రోజులు ఆపకుండా చెప్తారు! అడగడానికి నామోషీ. పిల్లవాడి దగ్గర పైసలు తీసుకోవడానికి లేని నామోషీ, పాఠం తీసుకోవడానికి వచ్చింది.

"కాగితం ముక్కలకు ఇంత రచ్చనా?" ఇది మా ఇంట్లోవాళ్ళ మాట. ఈ మాట నాకు చాలా పాతగా వినిపిస్తుంది. మన ఆడవాళ్ళ విషయాలన్నిటికీ ఈ మాటే కదా వాడేది. కుట్టు చెడిన జాకెట్టుకు ఇంత రచ్చనా, పాడైన మిక్సీకి ఇంత రచ్చనా, పుట్టింటి చీరకు ఇంత రచ్చనా. ఎవరి వస్తువు విలువ ఎవరు కడుతున్నారు? మా తమ్ముడు రెండేళ్ళకొకసారి వస్తాడు. ఎండలో చేసిన కష్టంలోంచి మేనల్లుడి కోసం అంగడి వెతికి కొన్నాడు. ఆ కార్డులో మా వాడు చూసుకునేది మేనమామను. కోరుట్లలో, జగిత్యాలలో గల్ఫ్ మనిషి లేని వాడకట్టు ఉందా? ఆ ఇళ్ళలో పిల్లల దగ్గర ఉండే చిన్న వస్తువు ఏదీ చిన్నది కాదు. "గోల్డుదే ఇచ్చిన గద" అన్నవాడికి మెరుపు కనబడింది, మేనమామ కనబడలేదు.

"అసలు ఆ కార్డులే మాన్పించాలి, అది జూదమే" అనేవాళ్ళ మాటను మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయను. మూసి ఉన్న ప్యాకెట్టులో ఏముందో తెలియకుండా కొనడం, మంచిది రాకపోతే ఇంకోటి కొనడం, ఇందులో ఆశ పెట్టి లాగే గుణం ఉంది. 2021లో లోగన్ పాల్ అనే అమెరికా యూట్యూబర్ ఒకే ఒక్క పికాచు కార్డును 52 లక్షల 75 వేల డాలర్లకు కొన్నాడు. గిన్నిస్ రికార్డుకెక్కింది. అట్లాంటి వీడియోలు చూసిన పిల్లవాడు మన బజారులోని బంగారు ప్యాకెట్టులో కూడా అదృష్టం ఉందనుకుంటాడు. మన తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. ఆశ మనిషిని ఎట్లా ముంచుతుందో మనకు ఒకరు చెప్పాలా!

కానీ దీనికి మందు ఆట మాన్పించడం కాదు, గుడ్డి ప్యాకెట్టు మాన్పించడం. ఏ 60 కార్డులున్నాయో ముందే తెలిసే తయారు కట్టలు వస్తాయి. మా వాడు ఆ రోజు అడిగింది అదే! ఒక్కసారి కొంటే అన్నదమ్ములిద్దరూ నెలల తరబడి ఆడుకుంటారు, అదృష్టంతో పని లేదు. ఆటను ఆటగా అడిగిన పిల్లవాడిని, దుకాణాయనే తీసుకుపోయి మెరిసే ప్యాకెట్ల వైపు తిప్పాడు. ఆట తెలిసిన దుకాణదారు ఉంటే పిల్లవాడు ఆటగాడవుతాడు. తెలియని దుకాణదారు ఉంటే వట్టి కొనుగోలుదారవుతాడు. ఈ ఒక్క తేడా కోసమే ఇంత రాస్తున్నాను.

చివరిగా అన్నిటికంటే బరువైన మాట, మా ఇంటికి వచ్చే బీడీలు చేసే అక్కది. "మీరు అసలుయి కొంటరమ్మా. మావోడు గా నకిలీదే కొనగల్గుతడు. అది గూడ వద్దంటరా?" అని అడిగింది. వెయ్యి బీడీలు చుడితే గానీ ఆమెకు కూలీ లెక్కకు రాదు. నిజమే. అసలు ప్యాకెట్టు ఖరీదెక్కువ, అందులో ఉండేవి పదే కార్డులు. ఆమె కొడుకు ఆడుకోవద్దని నేనెట్లా అంటాను? నకిలీని నకిలీ అని చెప్పి, దానికి తగ్గ ధరకు ఇస్తే, పిల్లలు తెలిసి కొనుక్కుంటే ఆ బిడ్డకు తను కొన్నదేమిటో తెలుస్తుంది, బడిలో నలుగురూ నవ్వే రోజు రాదు. కానీ "గోల్డు, ఒరిజినల్" అని చెప్పి నూట యాభై తీసుకున్నది ఆమె దగ్గరే. అంటే ఎక్కువ మోసపోయింది నేను కాదు, ఆమె. ఉన్న ఇంటి పిల్లవాడికి ఒక కార్డు పోయింది. లేని ఇంటి పిల్లవాడికి తల్లి ఒక పూట కష్టం పోయింది. పైగా ఆ ప్యాకెట్టులో ఒక్క ఎనర్జీ కార్డు లేదు, దాంతో ఆట ఆడనే ఆడలేరు. పేదవాళ్ళ పేరు చెప్పి అబద్ధాన్ని సమర్థించకండి. వాళ్ళకే నిజం ఎక్కువ అవసరం.

అందుకే దుకాణాలవాళ్ళను నేను అడిగేవి నాలుగే. అమ్మే ఆట ఎట్లా ఆడతారో ఒక్కసారి నేర్చుకోండి, లేదా తెలియదని చెప్పండి. పేరూ చిరునామా లేని ప్యాకెట్టు తెప్పించకండి. నకిలీని ఒరిజినల్ అనకండి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల చేతిలోని వస్తువు మార్పిడి చేయకండి. ఇందులో ఒక్కదానికీ పెట్టుబడి అక్కరలేదు.

ఇక మనం. బంగారు దుకాణంలో అడిగినంత గొంతుతో ఇక్కడా అడుగుదాం. పిల్లవాడిని ఒంటరిగా పంపినప్పుడు "కొనడమే, మార్చుకోవడం లేదు" అని చెప్పి పంపుదాం. బిల్లు అడుగుదాం. ఒరిజినల్ అని నకిలీది ఇస్తే వెనక్కి పట్టుకుపోదాం. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఫోన్ చేద్దాం. ఒక్కదాన్ని పోతే "అక్కకు కోపమొచ్చింది" అని నవ్వుతారు. బడి దగ్గర సాయంత్రం పిల్లల కోసం నిలబడే తల్లులం పదిమందిమి ఒకే వారంలో పోయి ఒకే మాట అడిగితే, ఏ సేటైనా మరుసటి వారానికి పాఠం నేర్చుకుంటాడు.

పిల్లలు కౌంటర్ కంటే పొట్టిగా ఉంటారు, అంతే. వాళ్ళ పైసలు మాత్రం మన పైసలంత ఎత్తే.